విదేశములందలి ఆంగ్లభాషోపాధ్యాయ శిక్షణ: ప్రామాణ్య విచారము

ఆంగ్లము మాతృభాష కానివారికి ఆ భాషను బోధించుట నేడు ప్రపంచమందంతటను ఒక ప్రత్యేక వృత్తిగా వర్ధిల్లుచున్నది. ఆ వృత్తికి వలయు శిక్షణను నాలుగైదు వారములలో నొసగుదుమని ప్రకటించు సంస్థలు బ్రిటను, స్పెయిను, థాయిలాండు మొదలగు దేశములలో పెక్కు కలవు. మన విశ్వవిద్యాలయములందు పట్టము పొందినవారిలో కొందరు వానియందు చేరగోరి తమ అధ్యాపకుల సలహాకై వచ్చుచుందురు. అట్టి శిక్షణలలో ఏది విశ్వసనీయము, ఏది కాదు అను ప్రశ్నను పరిశీలించు విధానమును నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విషయమునకు తెలుగుశాఖ పత్రికలో స్థానమేమి యని కొందరు శంకింపవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట మా పూర్వవిద్యార్థిని ఒకామె విదేశ సంస్థ ప్రకటన నొకదానిని తెచ్చి చూపి మా అభిప్రాయము నడిగెను. దళసరి కాగితమును, బంగారువన్నె ముద్రను, 'అంతర్జాతీయ గుర్తింపు' అను మాటను చూచి మేము "మంచిదిగనే యున్నట్లున్నది" అంటిమి. ఆమె తల్లి నగలను కుదువబెట్టి రుసుము చెల్లించినది. అచ్చట గడపిన నాలుగు వారములలో ఆమె ఒక్కనాడైనను నిజమైన విద్యార్థుల యెదుట నిలిచి పాఠము చెప్పియుండలేదు. తోడి శిక్షణార్థులే విద్యార్థులుగా నటించిరట. ఆమె తెచ్చుకొనిన పత్రమును లెక్కించినవారు లేరు. ఆ సంస్థను దూషించుట మా యుద్దేశము కాదు. విచారింపక పలికిన మా మాటయే ఆమెకు ప్రమాణమైనది. కనుక ఆ మాటను గూర్చి విచారింపవలసిన భారము మాపై నున్నది.

ఆప్తుని యుపదేశమే శబ్దప్రమాణమని న్యాయశాస్త్రము చెప్పుచున్నది. వాత్స్యాయన భాష్యము ననుసరించి ఆప్తుడనగా విషయమును సాక్షాత్తుగా నెరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపగోరువాడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమనియు ఆ భాష్యకారుడే చెప్పెను. కావున ఒక సంస్థ విదేశీయమగుట దానికి గుణమును గాదు, దోషమును గాదు. చూడవలసినవి రెండే: ఎరుక, సత్యమును చెప్పు కోరిక. ప్రకటన వ్రాయువాడు విషయము నెరిగినవాడే కాని, అమ్మకమునందు లాభము గలవాడు. చేరినవారికి తలకింతయని ప్రతిఫలము పొందు దళారియు అట్టివాడే. ఇక మావంటి వారికి లాభాపేక్ష లేకున్నను నాడు ఎరుక లేకపోయెను. మూడు మాటలును ప్రమాణములు కాజాలవు.

మొదట పేర్లను గూర్చి తెలిసికొనవలెను. 'టెఫిల్', 'టీసాల్' అనునవి ఈ బోధనరంగమునకు గల సామాన్యనామములే గాని, ఏ యొక్క సంస్థకును చెందిన బిరుదములు కావు. ప్రపంచమందలి ఇట్టి శిక్షణల నన్నిటిని పరీక్షించి గుర్తింపు నిచ్చు ఏకైక సంస్థయు లేదు. ఎవరైనను ఒక శిక్షణాలయమును స్థాపించి ఆ పేరుతో పత్రములీయవచ్చును. దానికి గుర్తింపు నిచ్చుటకై వేరొక సంస్థను తామే సృష్టించుకొననువచ్చును. కనుక 'గుర్తింపు పొందినది' అన్నంతనే తృప్తి పడరాదు. గుర్తించినవారెవరు? వారిని గుర్తించినవారెవరు? ఈ ప్రశ్నపరంపర ఒక ప్రభుత్వ నియంత్రణమునందో, సుప్రసిద్ధమైన విద్యాసంస్థయందో నిలువవలెను. ఎచ్చటను నిలువకున్నచో అది అనవస్థాదోషమే.

తక్కినవానిని పోల్చి చూచుటకు కొలబద్దలుగా రెండు శిక్షణలను గ్రహింపవచ్చును. మొదటిది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరీక్షాసంస్థ నడుపు 'సెల్టా'. 1962లో జాన్ హేక్రాఫ్టు అనునతడు లండను నగరమున ఇంటర్నేషనల్ హౌస్ అను విద్యాలయమునందు ఆరంభించిన స్వల్పకాలిక శిక్షణయే దీనికి మూలము. 1988లో కేంబ్రిడ్జివారు ఆ పరీక్షల బాధ్యతను స్వీకరించిరి. దీనికి కనీసము 120 గంటల శిక్షణ విధింపబడినది. అందు శిక్షణార్థి 6 గంటలు నిజమైన విద్యార్థులకు, కనీసము రెండు స్థాయులవారికి, పాఠము చెప్పవలెను. అనుభవజ్ఞుల బోధనను 6 గంటలు పరిశీలింపవలెను. నాలుగు వ్యాసములను వ్రాసి యీయవలెను. రెండవది లండనునందలి ట్రినిటీ కళాశాలవారి 'సర్ట్ టీసాల్'. దీనికి కనీస పరిమితి 130 గంటలు. ఇందును బోధనాభ్యాసము 6 గంటలు. ఈ శిక్షణయందలి విశేషమేమన, శిక్షణార్థి తనకు బొత్తిగా తెలియని భాష నొకదానిని కొన్ని గంటలు నేర్చుకొని ఆ యనుభవమును వ్రాయవలెను. పరభాషాధ్యయనమున విద్యార్థి పడు ఇబ్బందిని గురువు తానే అనుభవించి తెలిసికొనుట దీని ప్రయోజనము.

ఈ రెండింటికిని సమానమైన మరియొక లక్షణము కలదు. శిక్షణ నిచ్చు కేంద్రము వేరు, యోగ్యతాపత్రము నిచ్చు సంస్థ వేరు. ఆ సంస్థ పంపిన పరీక్షకుడు బయటినుండి వచ్చి శిక్షణ నడచిన తీరును పరిశీలించును. రుసుము గైకొనువాడే ఉత్తీర్ణుని జేయువాడుకూడ నగుచో, అతని తీర్పునకు సాక్షి యుండడు. మా విద్యార్థిని చేరిన చోట జరిగిన దిదియే. చేరినవారందరును ఉత్తీర్ణులగుదురని ముందే హామీ యిచ్చు శిక్షణయందు పరీక్ష యనునది లేనట్లే గదా!

ఇంగ్లండునందు ఇట్టి యోగ్యతలను నియంత్రించు ప్రభుత్వ సంస్థ 'ఆఫ్‌క్వాల్'. అది నిర్వహించు పట్టికయందు ఒక యోగ్యత నమోదై యున్నదో లేదో ఎవరైనను చూడవచ్చును. సెల్టా, ట్రినిటీ పత్రములు అందు 5వ స్థాయికి చెందినవి. అయితే ఇచ్చట ఒక భ్రాంతికి అవకాశము కలదు. స్థాయి యనునది పాఠ్యవిషయముయొక్క కాఠిన్యమును తెలుపునే గాని, శిక్షణార్థి ఎన్ని గంటలు పాఠము చెప్పెనో తెలుపదు. బోధనాభ్యాసము లేకయే 5వ స్థాయి పత్రము నొసగు శిక్షణలును కలవు. కావున స్థాయిని, అభ్యాసమును వేరువేరుగా విచారింపవలెను.

ముద్రలను గూర్చియు ఇట్టి వివేకమే యుండవలెను. బ్రిటిష్ కౌన్సిలువారు బ్రిటనునందలి ఆంగ్లభాషా విద్యాలయములను తనిఖీ చేసి గుర్తింపు నిచ్చుదురు. అది ఆంగ్లమును నేర్పు విద్యాలయమునకు సంబంధించినది. ఆ విద్యాలయము నడుపు ఉపాధ్యాయ శిక్షణకు దానంతట నది వర్తించునని తలపరాదు. 'అపోస్టిల్' అను ముద్రయు తరచుగా అపార్థమునకు గురియగుచున్నది. 1961 నాటి హేగు ఒడంబడిక ప్రకారము ఏర్పడిన ఈ ముద్ర 2005 నుండి మన దేశమునందును అమలులో నున్నది. అది పత్రముపై నున్న సంతకము, ముద్ర యథార్థములని మాత్రమే ధ్రువపరచును. పత్రమునందలి విషయము విలువైనదని చెప్పదు. నిస్సారమైన శిక్షణకు నిజమైన సంతకముండుటలో విరోధమేమియు లేదు.

అట్లగుటచే, చేరగోరువారు రుసుము చెల్లించుటకు ముందే కొన్ని ప్రశ్నలకు వ్రాతమూలకముగా సమాధానములు పొందవలెను. బోధనాభ్యాసము ఎన్ని గంటలు? విద్యార్థులు నిజముగా భాష నేర్వవచ్చినవారేనా? పాఠమును చూచి గుణదోషములు చెప్పువారెవరు, వారి యోగ్యతలేవి? బయటి పరీక్షకుడు వచ్చునా? ప్రవేశమునకు ముందు అభ్యర్థి భాషాజ్ఞానమును పరీక్షింతురా? మానుకొనినచో రుసుములో ఎంత తిరిగి యిత్తురు? సెల్టా, ట్రినిటీ కేంద్రమని చెప్పుకొనునట్టి శిక్షణాలయము పేరు ఆ సంస్థల అధికారిక పట్టికలో నున్నదో లేదో స్వయముగా చూచుకొనవలెను. అంతర్జాలము ద్వారా జరుగుట మాత్రమే దోషము కాదు. కేంబ్రిడ్జివారును అట్టి శిక్షణను అనుమతించుచున్నారు, కాని అందును నిజమైన విద్యార్థులకు పాఠము చెప్పుట తప్పదు. ఈ ప్రశ్నలకు సూటిగా బదులీయక త్వరపెట్టువారిని, రుసుమును ఒక వ్యక్తి సొంత ఖాతాలో వేయుమనువారిని దూరముగా నుంచుటయే మేలు.

శిక్షణ మంచిదైనంత మాత్రమున ఉద్యోగము నిశ్చయమని అనుకొనరాదు. ఉద్యోగార్హతను నిర్ణయించునది ఆయా దేశముల వీసా నియమములు. ఉదాహరణమునకు, దక్షిణ కొరియాయందు ఆంగ్లబోధకులకిచ్చు ఇ-2 వీసా ప్రధానముగా ఆంగ్లము వాడుకగా గల ఏడు దేశముల పౌరులకు ఉద్దేశింపబడినది. ఇట్టిచోట ఎంత మేలైన శిక్షణాపత్రమైనను పౌరసత్వమునకు బదులు కాజాలదు. మన దేశమునందును ఈ స్వల్పకాలిక పత్రములు బి.ఎడ్. పట్టమునకు ప్రత్యామ్నాయములు కావు. దూరదేశమునకు పోవుటకు ముందు దగ్గరనున్నదానిని చూచుటయు వివేకమే. ఆంగ్లబోధనయందు శిక్షణకై 1958లో హైదరాబాదున స్థాపింపబడిన కేంద్ర ఆంగ్లభాషా సంస్థ 2007లో కేంద్ర విశ్వవిద్యాలయముగా మారి నేటికిని పనిచేయుచున్నది.

ఇచ్చట చెప్పిన విచారమంతయు ఒక అపరాహ్ణమున చేయదగినంతది. నాడు మేము ఆ విద్యార్థినితో "తెలియదు, ఇద్దరమును కలిసి విచారింతము" అనియుండిన చాలియుండెడిది. అధ్యాపకుని నోట 'తెలియదు' అను మాట లాఘవము కాదు. విద్యార్థికి గురువు సహజముగనే ఆప్తుడు. తాను పలుకు ప్రతి మాటయు, తెలిసి పలికినను తెలియక పలికినను, ప్రమాణముగనే గ్రహింపబడును. ఆ మాటను నమ్మి ఒక కుటుంబము తన నగలను కుదువబెట్టునేమో యని తలచి పలుకుటయే అధ్యాపక ధర్మమని మా అభిప్రాయము.