పెట్ట గ్రుడ్డు మానిన వేళ

పల్లెటూరి యింట పెరటికోడి ఇల్లాలి సొంత సొత్తు. పాడిపంటల లెక్కలు యజమాని చేతిలో నున్నను, గ్రుడ్ల మీద వచ్చు నాలుగు రూకలు ఆమె కొంగుముడికే చేరును. అందుచేతనే పెట్ట పదిదినములు గ్రుడ్డు పెట్టకున్నచో ఆ యింట చర్చ బయలుదేరును. ‘ఇక దీనికి మేత దండుగ’ అన్న మాట పుట్టిన మరునాడే అది సంతకో, పొయ్యి మీదికో పోవును. ఆ తీర్పు చెప్పుటకు ముందు, పెట్ట ఏల మానినదో విచారించుట న్యాయము.

పచ్చసొన అండాశయము నుండి విడివడి, తెల్లసొనను, పొరలను, పెంకును దాల్చి వెలువడుటకు 24 మొదలు 26 గంటలు పట్టును. అందు సుమారు 20 గంటలు పెంకు కట్టుటకే చెల్లును. కావున నేటి ఉదయము పెట్టిన కోడి రేపు కొంత ఆలస్యముగా, ఎల్లుండి మరికొంత ఆలస్యముగా పెట్టి, ప్రొద్దు వాలు వేళకు చేరినపుడు ఒక దినము విడిచిపెట్టును. అది విరామమే గాని మానుట కాదు.

పాశ్చాత్య గ్రంథములు మొదటి కారణముగా వెలుతురును చెప్పును. కోడి మెదడు కన్నుల ద్వారమునే గాక కపాలము గుండ కూడ వెలుతురును గ్రహించును. పగటి నిడివి పెరిగినకొలది అండాశయము చురుకెక్కును. లండనులో నడి శీతకాలపు పగలు 8 గంటలే గనుక అచ్చటి పెట్టలు మానుట సహజము. మన విజయవాడలో అతి చిన్న పగలు కూడ 11 గంటలు దాటును. కనుక మన నాటుపెట్ట విషయమున నేరమంతయు చలికాలము మీద మోపరాదు.

మన పెరళ్లలో ముఖ్యకారణము మాతృత్వము. నాటుపెట్ట పది పదునైదు గ్రుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుండును. 21 దినములు పొదిగి, పిమ్మట పిల్లలను రెండు మూడు నెలలు వెంట త్రిప్పుకొని సాకును. అంతకాలమును అండాశయము విశ్రమించును. గ్రుడ్లు మాత్రమే కావలసినవారు అట్టి పెట్టను అడుగున గాలియాడు బోనులో, మేతయు నీరును పెట్టి, నాలుగు దినములుంచినచో ఆ తలంపు చల్లారును. హైదరాబాదు రాజేంద్రనగరమున గల కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులకు పొదుగు తలంపు తక్కువ, గ్రుడ్లు హెచ్చు. కాని పెరటిలో పిల్లలను లేపుటకు మరల నాటుపెట్టయే దిక్కు!

రెండవ కారణము ఈకలు రాల్చుట. పెట్ట ఏటికొకమారు పాత ఈకలను విడిచి క్రొత్తవి తొడుగుకొనును. ఈకలకును, గ్రుడ్లకును మాంసకృత్తులే ఆధారము గనుక రెండు పనులు ఒక్కసారి సాగవు. రెండు మూడు నెలలలో అది మరల గ్రుడ్డుకు వచ్చును. ఈకలూడి అందవిహీనమై తిరుగు ఈ రోజులలోనే, రోగమనియో ముసలితనమనియో తలచి దానిని అమ్మివేయుచుందురు. అన్యాయము జరుగునది ఎక్కువగా ఇచ్చటనే.

మూడవది వేసవి. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పియే ఒడలు చల్లార్చుకొనును. ఆ దినములలో మేత తగ్గును, పెంకు పలుచబడును. చెట్టు నీడయు, మట్టిమూకుడులో చల్లని నీరును దానికి ఔషధములు. వట్టి నూకలు, తౌడు చాలవు. చెదపురుగులు, ఆకుకూరలు కావలెను. ఒక్క పెంకునకే సుమారు 2 గ్రాముల కాల్షియం పట్టును గనుక నత్తగుల్లల పొడిని అందుబాటున నుంచవలెను.

పేలు పట్టి బాధించినను గ్రుడ్లు తగ్గును. తూలుట, మెడ మెలిదిరుగుట, పచ్చని విరేచనములు కనిపించినచో అది కొక్కెర తెగులు కావచ్చును. వెంటనే పశువైద్యునికి చూపవలెను. ఒక్కొక్కప్పుడు పెట్ట మాననే మానదు. గడ్డివామి సందున రహస్యముగా పెట్టుచుండగా పామో, ముంగిసయో ఆరగించుచుండును.

సందేహము తీర్చుకొనుటకు సులభమైన పరీక్ష కలదు. పెట్టుచున్న కోడికి తలపై జుట్టు ఎర్రగా, నిండుగా నుండును. తోక క్రింది రెండు కటియెముకల నడుమ రెండు మూడు వేళ్లు పట్టును. మానిన దానికి జుట్టు పాలిపోవును, ఆ యెడము ఒక వేలికి మించదు. అయినను ఈ పరీక్ష నేటి స్థితిని మాత్రమే చెప్పును. రేపటి సంగతి చెప్పదు. వయస్సు మీరిన కొలది గ్రుడ్లు తరుగుట నిజమే. కాని రెండేండ్లు నిండని పెట్ట మానినచో, గంప క్రింద కమ్మి సంతకు పంపక, రెండు మాసములు గడువిచ్చి చూచుట ఇల్లాలికే లాభము.