తాళము వేసిన చేతిదే పూచీ

1977 మే 5వ తేదీ రాత్రి గడచి 6వ తేదీ తెల్లవారకముందే, సుమారు మూడున్నర గంటల వేళ, కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలు ఆవరణలోనికి కొందరు చొరబడి, ఏడవ నంబరు గదిలోనికి బాంబులు విసరిరి. అవుకు పోలీసు స్టేషనులో నమోదైన కేసులో అరెస్టయి, రిమాండుపై ఆ గదిలో నున్న తండ్రీకొడుకులలో తండ్రి తీవ్రముగా గాయపడి కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో మరణించెను. కొడుకు, తరువాతి కాలమున శాసనసభ్యుడైన చల్లా రామకృష్ణారెడ్డి, గాయములతో బయటపడెను.

నిర్బంధములోని మరణములకు ప్రభుత్వము ఎంతవరకు జవాబుదారియో వ్రాయుమని సంపాదకులు కోరగా నేను తిరుగవేసిన తీర్పులలో లాకప్పు దెబ్బల కథలు పెక్కు కలవు. అయినను నన్ను పట్టి నిలిపినది ఈ కేసే. బాంబులు వేయుటకు మనుష్యులు బయటినుండి వచ్చిరి గదా, ప్రభుత్వ మేల చెల్లింపవలెనను ప్రశ్న ఇందు సూటిగా నిలిచినది.

సమాధానము సాక్ష్యములోనే కలదు. తమ ప్రాణములకు ముప్పున్నదని ఆ ఖైదీలు ముందుగానే తెలిపియుండిరి; తెలిపినను తగినంత కాపలా ఏర్పడలేదు. ఇంటివద్ద నున్నవాడు ప్రాణభయము కలిగినపుడు తలుపు గడియ పెట్టుకొనగలడు, అయినవారిని తోడు పిలుచుకొనగలడు, తుదకు ఊరు విడిచి పోగలడు. సబ్‌జైలు గదిలోనివానికి ఈ మూడును లేవు, ఆ గది తాళపుచెవి ప్రభుత్వముచేత నున్నది గనుక. ఆత్మరక్షణకు గల ఉపాయములన్నిటిని హరించిన చేయియే ఆ రక్షణభారమును మోయవలెననుట ధర్మశాస్త్ర మెరుగని పల్లెటూరి రైతుకును బోధపడు న్యాయము.

కుటుంబీకులు 10 లక్షల రూపాయలకు దావా వేసిరి. జైళ్ల నిర్వహణ సార్వభౌమాధికార కార్యమనియు, అందలి పొరపాటునకు పరిహార మడుగ వీలులేదనియు, దావాకు కాలదోషము పట్టినదనియు ప్రభుత్వము వాదించెను. క్రింది కోర్టు దావాను కొట్టివేసినది. హైకోర్టు మాత్రము, రాజ్యాంగపు 21వ అధికరణము కాపాడు ప్రాణమును చట్టవిరుద్ధముగా పోగొట్టిన పిమ్మట సార్వభౌమాధికారము మాటున దాగుట చెల్లదని నిర్ణయించి, 1,44,000 రూపాయలు వడ్డీతో చెల్లింపుమని డిక్రీ యిచ్చినది. ఖైదీ అయినంతమాత్రమున మనుష్యుడు మనుష్యుడు కాకపోడని, అతని ప్రాథమిక హక్కులు నశింపవని చెప్పి, 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను.

ఈ సార్వభౌమాధికార వాదమునకు పూర్వకథ క్లుప్తముగా చెప్పెదను. 1861లో కలకత్తా కోర్టు ప్రభుత్వకార్యములను సార్వభౌమములు, ఇతరములు అని రెండుగా విభజించెను. రాజ్యాంగపు 300వ అధికరణము పాత బాధ్యతనే కొనసాగించెను. 1947లో మీరట్ పోలీసులు ఒక వర్తకునినుండి పట్టుకొన్న 103 తులములకు పైబడిన బంగారమును హెడ్‌కానిస్టేబులు కాజేసి పాకిస్థానుకు పారిపోగా, ప్రభుత్వమునకు బాధ్యత లేదని 1964లో సుప్రీంకోర్టు కస్తూరిలాల్ కేసులో చెప్పెను. పోయిన బంగారమునకు పుట్టిన సూత్రమును పోయిన ప్రాణమునకు అన్వయింపజూచుటయే కోవెలకుంట్ల వాదము. కస్తూరిలాల్ తీర్పునకు పూర్వపు బలము ఇప్పుడు చాలవరకు లేదు.

తల్లి వ్రాసిన ఉత్తరము

1987 డిసెంబరులో ఒరిస్సాలోని సుందర్‌గఢ్ జిల్లాలో పోలీసులు కొనిపోయిన 22 ఏండ్ల యువకుని శవము మరునాడు రైలుపట్టాలపై కనబడెను. త్రాడు కొరికి పారిపోయెనని పోలీసులు చెప్పిరి. కస్టడీలో తగిలిన దెబ్బలవల్లనే మరణించెనని జిల్లా జడ్జి విచారణలో తేలెను. తల్లి ఉత్తరమునే రిట్ పిటిషనుగా గైకొన్న సుప్రీంకోర్టు 1993లో 1,50,000 రూపాయలు ఇప్పించెను. ఇదియే నీలబతి బెహరా కేసు.

బాధితులకు తెలియవలసినవి

కస్టడీ మరణమును 24 గంటలలో జాతీయ మానవహక్కుల కమిషనుకు తెలుపవలెనను ఆదేశము 1993 డిసెంబరునుండి కలదు. సివిలు దావా మాత్రమే కాక, 226వ అధికరణము క్రింద హైకోర్టులో రిట్ కూడ వేయవచ్చును. 2012–2015 నడుమ జైళ్లలో అసహజముగా మరణించినవారి బంధువులను గుర్తించి పరిహార మిప్పించు కేసులను తామై చేపట్టవలసినదిగా 2017లో సుప్రీంకోర్టు హైకోర్టులను కోరెను.

ఇన్ని తీర్పులున్నను నా సంశయము తీరలేదు. కోవెలకుంట్ల కుటుంబమునకు తుదిమాట వినబడుటకు దాదాపు 23 సంవత్సరములు పట్టెను. చెల్లించినది ప్రజల ఖజానా. ప్రభుత్వ బాధ్యతపై శాసనము కావలెనని లా కమిషను 1956లో తన మొదటి నివేదికలోనే కోరగా, బిల్లులు పార్లమెంటులోనికి వచ్చెను గాని చట్టము రాలేదు. ఆ చట్టము చేయవలెను. విచారణలో నిర్లక్ష్యము తేలిన నాడే, దావాకై కాచుకొనక, ప్రభుత్వము తానే పరిహార మీయవలెను. దోషియైన ఉద్యోగి జీతమునుండి అందు కొంత రాబట్టవలెను. శిక్ష విధించు అధికారము న్యాయస్థానమునకు కలదు. విధింపని మరణశిక్షను నిర్లక్ష్యముచేత అమలుపరచు అధికారము ఏ జైలుకును లేదు.