మార్చిన గుండె - తెగిన నరములు

మన దేశమున గుండె మార్పిడిని మొట్టమొదట విజయవంతముగా జరిపినవారు రాజమహేంద్రవరమున జన్మించిన డాక్టరు పి. వేణుగోపాల్. 1994 ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఈ శస్త్రచికిత్స జరిగినది.

దాతనుండి గుండెను తీయునపుడు దాని నరములు తెగిపోవును. రక్తనాళములను కుట్టుదురు గాని నరములను కుట్టరు. అయినను గుండె ఆగదు. కొట్టుకొనుటకు వలయు ప్రేరణ దానియందే పుట్టును. వేగమును తగ్గించు నరము లేనందున విశ్రాంతిలో సైతము అది నిమిషమునకు సుమారు 90 మొదలు 110 సార్లు కొట్టుకొనును. శ్రమించినపుడు రక్తములోని అడ్రినలిన్ అందిన పిమ్మటనే వేగము మెల్లగా హెచ్చును.

ఏడాది గడచిన పిదప పలువురిలో నరములు కొంతవరకు తిరిగి మొలచును. అప్పుడు శ్రమకు ఓర్చు శక్తి పెరుగును.

కావున బస్తరు కొండదారులందైనను, పట్టణ వీధులందైనను, గుండె మార్పిడి పొందినవారు నడకను మెల్లగా ప్రారంభించి మెల్లగా ముగింపవలెను. నరములు లేని గుండెకు జబ్బు చేసినను ఛాతీనొప్పి తెలియకపోవచ్చును. ఆయాసము, అలసట కనిపించినచో వెంటనే వైద్యుని చూడవలెను. నొప్పి లేదని పరీక్షలు మానరాదు.