కాలికి గాటుందా? మడిలో దిగే ముందు ఒక్క మాట!

నాట్ల రోజులు. మడిలో పిక్కల దాకా బురద. కాలికి ముల్లు గీసిన గాటు ఉన్నా "ఏముందిలే" అని దిగిపోతాం. ఎలుక జ్వరానికి ఆ గాటే దారి!

గట్టున బొరియ చేసిన ఎలుక కంకులు కొరికి పోతుందనే మనకు తెలుసు. కానీ దాని మూత్రపిండాల్లో లెప్టోస్పైరా అనే సూక్ష్మక్రిమి ఉంటుంది. దానివల్ల ఎలుకకు ఏమీ కాదు. ఎలుక మూత్రంతో ఆ క్రిమి మడిలో కలిసి, తడి నేలలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతుంది. గాట్ల ద్వారా, నానిన చర్మం ద్వారా, కళ్లు, నోటి ద్వారా మన ఒంట్లో చేరుతుంది. పశువులు, కుక్కలు, పందుల మూత్రం నుంచి కూడా రావచ్చు. 2018లో కేరళ వరదల తర్వాత ఈ జ్వరం చాలామందికి సోకింది.

గుర్తుపట్టేదెలా?

క్రిమి సోకిన వారం, రెండు వారాల్లో చలిజ్వరం, తలనొప్పి వస్తాయి. కళ్లు ఎర్రబడతాయి. పిక్కలు ముట్టుకుంటే చాలు, తీవ్రమైన నొప్పి. "నాట్లేసిన ఒళ్లునొప్పులేలే" అని ఊరుకోకండి. చాలామందికి తగ్గిపోతుంది. కొందరికి మాత్రం ముదిరి కళ్లు పచ్చబడతాయి, మూత్రం తగ్గుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

కళ్లు పచ్చబడగానే కామెర్లనుకుని పసరు మందుకు పరుగెత్తకండి. అక్కడ పోయే నాలుగు రోజులే కొంప ముంచుతాయి. జ్వరం రాగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. "డాక్టరుగారూ, నేను మడిలో పనిచేశాను" అని మీరే చెప్పండి. మామూలు జ్వరమా, ఎలుక జ్వరమా అని ఆలోచించడానికి ఆయనకు ఆ మాటే ఆధారం. తొలి రోజుల్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి మందులతో నయమవుతుంది. మందులు సొంతంగా కొని మింగొద్దు.

ఈ జాగ్రత్తలు మరవకండి

* గాటుకు నీరు చొరని పట్టీ వేసుకుని దిగండి. బూట్లుంటే మరీ మేలు. పుండు పెద్దదైతే మానేదాకా మెట్ట పని చూసుకోండి.
* మడి నీళ్లతో ముఖం కడగొద్దు, పుక్కిలించొద్దు. పని కాగానే సబ్బుతో, మంచినీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కోండి.
* గట్లు సన్నగా, గడ్డి లేకుండా ఉంచండి. ఎలుక బుట్టలు ఊరంతా ఒకేసారి పెట్టండి. మీరొక్కరే పెడితే పక్క చేను ఎలుకలు మళ్లీ వస్తాయి.
* చచ్చిన ఎలుకను వట్టి చేత్తో పట్టుకోకండి. లోతుగా పాతిపెట్టండి.

నాట్లకు వచ్చే ఆడకూలీలకూ ఈ సంగతి చెప్పండి. పొద్దస్తమానం ఆ బురదలో వంగి ఉండేది వాళ్లే కదా!