సూర్యోదయం ఫొటో తీస్తున్నారా?

విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, గోవాలో సముద్రంలోకి దిగుతాడు. రెండుచోట్లా కెమెరాలే కెమెరాలు! ఎర్రటి బింబమేగా అనుకుంటాం. ఉదయం అది తెల్లబడటానికి ఎంతోసేపు పట్టదు. డీఎస్ఎల్ఆర్‌కు పెద్ద జూమ్ లెన్స్ తగిలించి వ్యూఫైండర్‌లో కన్ను పెడితే, భూతద్దం కింద కాగితంలా రెటీనా దెబ్బతినొచ్చు. రెటీనాకు నొప్పి తెలియదు. కొన్ని గంటలకు చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది, గీతలు వంకరపోతాయి. నయం చేస్తుందని రుజువైన మందు లేదు. చాలామందికి నెలల్లో తగ్గుతుంది. కొందరికి మచ్చ మిగిలిపోతుంది.

కెమెరా వెనక తెర మీదే చూసి తీయండి. ఫోన్‌తోనూ అంతే. కూలింగ్ గ్లాసులు ఇందుకు చాలవు. అనుమానముంటే ఒక కన్ను మూసి, రెండో కంటితో గోడ క్యాలెండర్ గళ్లు చూడండి. వంకరగా ఉంటే అదే రోజు కంటి డాక్టర్‌ను కలవండి. చుక్కల మందు కొనుక్కుని ఊరుకోవద్దు.