ట్రావర్టీను: ఊటనీరు కట్టిన రాయి

ఇసుకయు, బురదయు, గవ్వల పొడియు నీటియడుగున పొరలుపొరలుగా పేరుకొని, పైబరువుచే గట్టిపడినవి అవక్షేప శిలలు. మన యిండ్లలో పఱచు బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు సున్నపుబురద యిట్లు గట్టిపడగా నేర్పడినవే. ఇదే జాతిలో ట్రావర్టీను పుట్టుక మిక్కిలి వింతయైనది.

ఇటలీ దేశమున, రోము నగరమునకు తూర్పుగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున టివోలి యను పట్టణము గలదు. దాని ప్రాచీన నామము టిబూరు. ఆ పేరునుండియే ట్రావర్టీను అను మాట పుట్టినది. అచట బొగ్గుపులుసు గాలి కలిసిన నీరు భూగర్భములోని సున్నపురాతిని కరగించుకొని ఊటగా పైకుబుకును. సోడాబుడ్డి మూత తీసినపుడువలె ఆ గాలి వెడలిపోగా, కరగియున్న సున్నపుపదార్థము నీటిలో నిలువజాలక పేరుకొని రాయి యగును. నడుమ చిక్కుకొన్న నాచును, ఆకులును క్రుళ్లిపోయిన తావులు రంధ్రములుగా మిగులును.

రంధ్రములున్నను ఈ రాయి గొప్ప బరువు మోయగలదు. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియము యొక్క వెలుపలిగోడ దీనితో కట్టినదే. అయితే ఇది నిప్పునకును పులుపునకును ఓర్వదు. నిప్పులో కాలి సున్నమగును. పులుపు తగిలినచో, తల్లిరాయి భూగర్భమున కరగినట్లే, తానును కరగును. మన నాపరాతికిని ఇదే గుణము గలదు. కావున నిమ్మరసముగాని చింతపండు పులుసుగాని ఒలికినయెడల వెంటనే తుడువవలెను. మరకలు పోవునని కొందరు నేలను ఆమ్లముతో కడుగుదురు. అది మరకతోబాటు రాతి మెఱుగును సైతము తినివేయును.