మొక్కల అక్వేరియంలో చేపల పొందిక: రంగు చూసి కాదు, స్వభావం తెలిసి ఎంచుకోవాలి

పెద్ద అక్వేరియంలో పలు జాతుల చేపలను కలిపి పెంచాలనుకునేవారు సాధారణంగా రంగును, ఆకారాన్ని చూసి వాటిని ఎంచుకుంటారు. కొన్ని వారాలు గడిచేసరికి ఒక చేప రెక్కలు చిరిగిపోతాయి, మరొకటి మూలలో దాక్కుని మేత మానేస్తుంది, చిన్న చేపలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. వ్యాధి సోకిందనుకుని మందులు వాడటం అప్పుడు మొదలవుతుంది. నిజానికి లోపం చాలాసార్లు ఎంపికలోనే ఉంటుంది. పరిమాణం, నీటి గుణం, ఉష్ణోగ్రత, స్వభావం అనే నాలుగింటిలో పొందిక ఉన్న జాతులే ఒకే తొట్టిలో ఏళ్ల తరబడి మనగలుగుతాయి.

తొట్టి పెద్దదైతే చాలా?

5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న తొట్టి ఘనపరిమాణం దాదాపు 566 లీటర్లు. అడుగున పరిచే మట్టి, ఇసుక, రాళ్లు, దుంగలు కొంత చోటు ఆక్రమిస్తాయి. పైన కొంత ఖాళీ వదలాలి. కాబట్టి అందులో నిలిచే నీరు 500 లీటర్లకు లోపే ఉంటుంది. గాజు, రాళ్లతో కలిపి బరువు అర టన్ను దాటుతుంది కనుక దానిని మోసే నేల, బల్ల దృఢంగా ఉండాలి.

ఎన్ని చేపలు పట్టవచ్చన్న ప్రశ్నకు లీటరు నీటికి ఒక సెంటీమీటరు చేప అన్న లెక్క దుకాణాల్లో తరచుగా వినిపిస్తుంది. చిన్న చేపల విషయంలో ఈ లెక్క కొంతవరకు ఉపయోగపడవచ్చు గాని పెద్ద చేపలకు వర్తించదు. శరీరాకృతి ఒకేలా ఉన్నప్పుడు పొడవు రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుంది. 4 సెంటీమీటర్ల చేపలు పది, 40 సెంటీమీటర్ల చేప ఒకటి పొడవులో సమానమే. బరువులో మాత్రం ఆ ఒక్క చేప పది చేపలకూ కలిపి దాదాపు వంద రెట్లు ఉంటుంది. అది తినే మేత, విసర్జించే వ్యర్థం అదే తీరులో పెరుగుతాయి.

అందువల్ల కొనేనాటి పరిమాణం కాక, పూర్తిగా ఎదిగిన తరువాతి పరిమాణమే లెక్కలోకి రావాలి. వేలెడంత ఉన్నప్పుడు అమ్మే బాలా షార్క్, టిన్‌ఫాయిల్ బార్బ్ వంటివి 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతాయి. ‘తొట్టిని శుభ్రం చేసే చేప’ అన్న పేరుతో అమ్ముడయ్యే సక్కర్ చేప కూడా అదే కోవలోనిది.

ముందు నీరు, ఆ తరువాత చేప

దక్కను పీఠభూమిలో అనేకచోట్ల బోరు నీరు కఠిన జలం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులో అధికం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ వంటి చేపలకు ఇటువంటి నీరు హితవుగా ఉంటుంది. అమెజాన్ పరీవాహక ప్రాంతానికి చెందిన నియాన్ టెట్రా, కార్డినల్ టెట్రా వంటివి సహజంగా లవణాలు తక్కువైన, కొంత ఆమ్ల గుణం గల నీటిలో జీవిస్తాయి. ఈ రెండు వర్గాలను ఒకేచోట ఉంచితే ఏదో ఒక వర్గానికి నీరు సరిపడదు. ఇంటికి వచ్చే నీటి కాఠిన్యాన్ని పరీక్షించి, దానికి తగిన జాతులను ఎంచుకోవడం సులువైన మార్గం. ఆర్ఓ నీటిని కలిపి కాఠిన్యాన్ని తగ్గించవచ్చు గాని, నీరు మార్చిన ప్రతిసారీ అదే పాళ్లు పాటించవలసి ఉంటుంది. పురపాలక సంఘం సరఫరా చేసే నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక దానిని తొలగించిన తరువాతే తొట్టిలో పోయాలి.

ఉష్ణోగ్రతది మరో సమస్య. మొక్కల తొట్టికి 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. డిస్కస్ చేపకు 28 డిగ్రీలు, అంతకు పైన కావాలి. గోల్డ్‌ఫిష్‌కు అంతకంటె చల్లని నీరు ఇష్టం. వేసవిలో మైదాన ప్రాంతాల ఇళ్లలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువును నిలుపుకొనే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల వరకు కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములకు పరిమితమవుతుంది.

మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో ఇది మరింత ముఖ్యం. పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ విడుదల చేసే మొక్కలు, రాత్రివేళ చేపలతోపాటు దానిని వినియోగించుకుంటాయి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు కనిష్ఠానికి చేరుతుంది. ఉదయాన్నే చేపలు ఉపరితలానికి చేరి నోళ్లు తెరుస్తున్నాయంటే కారణం ఇదే కావచ్చు. దీపం ఆర్పే వేళకు కార్బన్ డయాక్సైడ్ సరఫరా నిలిపివేయడం, రాత్రంతా గాలి పంపును నడపడం ఇందుకు విరుగుడు.

గుంపు, అంతస్తు, స్వభావం

టెట్రా, రస్బోరా, బార్బ్, డానియో వంటివి గుంపుగా బతికే చేపలు. రెండో మూడో తెచ్చి వదిలితే అవి బెదురుతూనే ఉంటాయి. ఒక్కో జాతిలో కనీసం ఆరు ఉండాలి, పెద్ద తొట్టిలో పది పన్నెండు ఉంటే మేలు. ఇతర చేపల రెక్కలను కొరికే టైగర్ బార్బ్ కూడా పెద్ద గుంపులో ఉన్నప్పుడు ఆ దూకుడును చాలావరకు తమలో తామే తీర్చుకుంటుంది. అయినప్పటికీ పొడవైన రెక్కలున్న ఏంజెల్ చేప, మీసాల వంటి స్పర్శాంగాలున్న గౌరామి పక్కన దానిని ఉంచడం తగదు. అలాగే ఎదిగిన ఏంజెల్ చేప నోట పట్టే నియాన్ టెట్రాను ఆహారంగానే చూస్తుంది. నోట పట్టే ప్రాణి ఏదైనా మేతే అన్నది చేపల లోకంలో సాధారణ న్యాయం.

నీటిలో అంతస్తులను బట్టి ఎంచుకోవడం మరో సూత్రం. డానియోలు పై భాగంలో, రస్బోరాలు, టెట్రాలు మధ్యలో, కోరిడోరాస్, లోచ్‌లు అడుగున సంచరిస్తాయి. మూడు అంతస్తులకూ పంచితే రద్దీ తగ్గుతుంది, మేత కోసం పోటీ కూడా తగ్గుతుంది. కోరిడోరాస్ మీసాలతో నేలను తవ్వుతూ మేత వెదుకుతుంది కనుక అడుగున మెత్తని ఇసుక పరచాలి. పదునైన గులకరాళ్లపై ఆ మీసాలు అరిగిపోతాయి.

మొక్కలకు ముప్పు తెచ్చే జాతులను వేరుగా గుర్తించాలి. సిల్వర్ డాలర్ ఆకులను తినేస్తుంది. గోల్డ్‌ఫిష్ లేత మొక్కలను కొరికి, వేళ్లను పెకలిస్తుంది. ఆస్కార్ వంటి పెద్ద సిక్లిడ్‌లు నేలను తవ్వి మొక్కలను తేల్చేస్తాయి.

రెండు నమూనాలు

5 అడుగుల తొట్టికి దక్షిణాసియా జాతులతోనే చక్కని కూర్పు సాధ్యం. పారే నీటిని ఇష్టపడే చేపలతో ఒక నమూనాను రూపొందించవచ్చు. ‘మిస్ కేరళ’గా పేరొందిన డెనిసన్ బార్బ్‌లు 8, జెయింట్ డానియోలు 10, యోయో లోచ్‌లు 6 ఇందుకు సరిపోతాయి. మూడూ చురుకైనవి. నీటి ప్రవాహం బలంగా ఉండాలి, వేసవిలో ఫ్యాన్ లేదా చిల్లర్‌తో నీటిని చల్లబరచాలి. డానియోలు ఎగిరి బయట పడతాయి కనుక మూత తప్పనిసరి. దుంగలకు, రాళ్లకు అంటిపెట్టుకుని పెరిగే జావా ఫెర్న్, అనూబియాస్ వంటి గట్టి ఆకుల మొక్కలు ఈ తొట్టికి తగినవి. రొయ్యలను ఇందులో ఉంచరాదు.

నెమ్మదైన నీటిని కోరే చేపలతో మరో నమూనా. భారత్, బంగ్లాదేశ్‌లకు చెందిన హనీ గౌరామీలు 6, శ్రీలంకకు చెందిన చెర్రీ బార్బ్‌లు 12, ఆగ్నేయాసియాకు చెందిన హార్లెక్విన్ రస్బోరాలు 20, దక్షిణ అమెరికాకు చెందిన కోరిడోరాస్‌లు 10 ఇందులో ఇముడుతాయి. మగ గౌరామీలు హద్దుల కోసం తగవులాడతాయి. అందువల్ల ఆడ చేపలు ఎక్కువగా ఉండాలి, ఒకదాని కంట మరొకటి పడకుండా మొక్కలు దట్టంగా పెంచాలి. గౌరామి ఉపరితలం నుంచి నేరుగా గాలి పీల్చుకునే చేప కావడంతో నీటికీ మూతకూ మధ్య ఖాళీ అవసరం.

ఈ రెండు నమూనాలను కలపడం సరికాదు. డానియోల వేగం ముందు గౌరామీలకు మేత దక్కదు.

ప్రవేశపెట్టే క్రమం

కొత్త తొట్టిలో వెంటనే చేపలను వదలరాదు. చేపలు మొప్పల ద్వారా విసర్జించే అమోనియాను బాక్టీరియా మొదట నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ పరీక్షలో శూన్యంగా తేలిన తరువాత ఒక్కో గుంపును రెండు మూడు వారాల వ్యవధితో చేర్చాలి. శాంతస్వభావం గలవాటిని మొదట, హద్దులు ఏర్పరచుకునేవాటిని చివర వదిలితే ఆధిపత్య పోరు తగ్గుతుంది. కొత్తగా తెచ్చిన ప్రతి చేపను మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి గమనించడం వల్ల తెల్లమచ్చల వంటి వ్యాధులు ప్రధాన తొట్టికి సోకవు.

వాగు నుంచి తొట్టికి, తొట్టి నుంచి చెరువుకు

చేపల ఎంపిక ప్రభావం ఇంటికే పరిమితం కాదు. కేరళ, కర్ణాటకల్లోని పశ్చిమ కనుమల వాగులకు మాత్రమే పరిమితమైన డెనిసన్ బార్బ్‌ను 1865లో ఫ్రాన్సిస్ డే శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అలంకార చేపల మార్కెట్లో గిరాకీ పెరగడంతో అడవి వాగుల నుంచి విచ్చలవిడిగా పట్టుకోవడం దానికి ముప్పుగా పరిణమించింది. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అది అంతరించే ప్రమాదమున్న జాతిగా నమోదైంది. దీనిని కొనేవారు అది వాగులో పట్టినదో, పెంపక కేంద్రంలో పుట్టినదో విచారించి, పెంపక కేంద్రాల చేపనే తీసుకోవాలి. కొనుగోలుకు ముందు వర్తించే వన్యప్రాణి నిబంధనలను కూడా తెలుసుకోవడం అవసరం.

దీనికి వ్యతిరేక దిశలో సాగుతున్న నష్టానికి సక్కర్ చేప ఉదాహరణ. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప అక్వేరియాల ద్వారా దేశంలోకి వచ్చి, పెరిగాక పెంచలేక వదిలేసినవారి వల్ల చెరువులకు, నదులకు చేరింది. తెలుగు రాష్ట్రాల జాలర్లు దీనిని దెయ్యపు చేపగా పిలుస్తున్నారు. దాని గట్టి కవచానికి, ముళ్లకు వలలు చిరుగుతాయి. తినడానికి కొనేవారు లేక పట్టుబడి వృథా అవుతుంది. తూర్పు కనుమల జలాశయాల్లో ఇది వ్యాపించినట్లు హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ల ఆధారంగా గుర్తించారు.

పెంచలేని చేపను చెరువులో వదలడం దానిపై దయ చూపడం కాదు. దుకాణానికి తిరిగి ఇవ్వడం, మరో పెంపకందారుకు అప్పగించడం సరైన మార్గాలు. ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే కొనే ముందు మూడు ప్రశ్నలకు సమాధానం దొరకాలి: ఈ చేప ఎంత పొడవు పెరుగుతుంది? ఎన్నింటితో కలిసి బతుకుతుంది? ఎలాంటి నీటిని కోరుతుంది? వీటిలో ఏ ఒక్కదానికి అమ్మేవారి వద్ద స్పష్టమైన జవాబు లేకపోయినా కొనుగోలును వాయిదా వేయడం మంచిది.